కొలతకొక కొలత

మన యిండ్లలో కొలత సాధనములకు కొదువ లేదు. మానిక, తవ్వ, సోల, గిద్ద అను పేర్లు వాడుకనుండి తొలగిపోవుచున్నను, వానికి మారుగా లీటరు చెంబులు, గ్రాముల త్రాసులు, జ్వరము చూచు గొట్టములు, రక్తపు పోటు చూచు యంత్రములు వచ్చి చేరినవి. వీనిలో దేనినైనను తెచ్చిన దినముననే గ్రుడ్డిగా నమ్ముట గృహిణికి అలవాటు లేదు. పాలవాని కొలతను తన యింటి చెంబుతో సరిచూచును. క్రొత్త మానికను పాత మానికతో పోల్చును. బంగారము కొన్నచో మరియొక దుకాణమున తూయించి చూచును. కొలతను కొలుచుట యను నీ విద్యను మనకు బడిలో ఎవ్వరును చెప్పలేదు. అమ్మలును, అత్తలును వంటయింటనే నేర్పినారు. ఆ విద్య వాకిట నిలిపిన బండి చక్రమునకు గూడ పనికివచ్చునని చెప్పుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

నేడు పట్టణములలోనే గాక పల్లెలలో సైతము స్త్రీలు స్కూటరు నడపుకొని ఉద్యోగములకును, అంగళ్ళకును పోవుచున్నారు. పెట్రోలు ఎంత యున్నదో వారికి తెలియును. బ్రేకు పట్టుట లేదన్నచో వెంటనే మెకానిక్కు నొద్దకు తీసికొనిపోవుదురు. కాని చక్రములోని గాలి సంగతి మాత్రము పరుల మాటమీదనే నడచుచున్నది. "గాలి సరిపోయిందమ్మా" అని బంకు కుర్రవాడు చెప్పును, మనము తల యూచి వచ్చెదము. గాలి కంటికి కనబడునది కాదు. బొటనవ్రేలితో నొక్కి చూచినను 22 పౌండ్లున్న టైరునకును, 28 పౌండ్లున్న టైరునకును భేదము తెలియదు. ఆ భేదమును చెప్పగలది గేజి యొక్కటే. అట్టి గేజియే తప్పు చెప్పినచో మన గతి యేమి?

ఆరు పౌండ్లు ఏపాటి భేదమని తోచవచ్చును. చదరపు అంగుళమునకు ఇన్ని పౌండ్ల ఒత్తిడి యని గాలిని లెక్కింతురు గదా. బండి బరువును నేలమీద మోయునది ఆ ఒత్తిడియే. ముందుచక్రముపై 70 కిలోల బరువు పడుచున్నదనుకొందము. టైరు రబ్బరుయొక్క బిగువును విడిచి లెక్క వేసినచో, 22 పౌండ్ల గాలి యున్నప్పుడు ఆ చక్రము సుమారు 45 చదరపు సెంటీమీటర్ల మేర రోడ్డును పట్టుకొనును. 28 పౌండ్లున్నప్పుడు 36 మాత్రమే. రెండును మన యరచేతికంటె చిన్నవే. ఆ కొంచెములో ఐదవ వంతు తగ్గినచో, వాన పడిన దినమున బ్రేకు వేసినప్పుడు పట్టు చాలక చక్రము జారుట కెక్కువ వీలుండును. గాలి తక్కువైనను క్షేమము లేదు. టైరు ప్రక్కలు మాటిమాటికి వంగి వేడెక్కును, బండి త్రిప్పుటకు బరువగును, పెట్రోలు వృథాయగును, టైరు అంచులు ముందుగా అరిగిపోవును.

ఈ సంగతులన్నియు మా యింటికి వచ్చిన యొక యాపద మూలముగా తెలిసికొంటిమి. మాది గుంటూరు జిల్లా. మా కోడలు పదునాలుగు కిలోమీటర్ల దూరముననున్న యొక పాఠశాలలో ఉపాధ్యాయిని. ఆరేండ్ల మనుమని గూడ అదే బడికి వెనుక కూర్చుండబెట్టుకొని స్కూటరుపై తీసికొని పోవుచుండును. గత శ్రావణమాసమున ఒక దినము చిన్న తుంపర పడినది. బియ్యపు మిల్లు మలుపులో ఆమె బ్రేకు వేయగా ముందుచక్రము జారి యిద్దరును పడిరి. దైవకృపవలన వెనుకనుండి బండ్లేవియు రాలేదు. పిల్లవాని మోచేయి గీచుకొనిపోయినది. ఆమె మోకాలికి మూడు కుట్లు పడినవి.

బండిని బాగుచేయుటకు ఇచ్చినపుడు పంక్చరు షాపు పెద్దాయన ముందుటైరును త్రిప్పిచూచి, "అమ్మా, గాలి ఎక్కువ పెట్టి నడుపుతున్నారు. నడిమధ్యన అరిగిపోయింది చూడండి" అన్నాడు.

"లేదండీ, వారంవారం బంకులో పెట్టిస్తాను. ముందు ఇరవై రెండు, వెనక ఇరవై తొమ్మిది. బండి మీద కాగితంలో ఉన్నదీ అంతే" అని మా కోడలు చెప్పినది.

ఇద్దరును అబద్ధ మాడువారు కారు. రెండు చక్రముల బండికి టైరు నడిభాగము కొంత ముందుగా అరుగుట సహజమే గనుక ఆయన కంటి సాక్ష్యమొక్కటియే చాలదు. బంకులోని యంత్రము వెలుగు అంకెలతో 22 అని చూపినమాటయు నిజమే. పడుటకు కారణము బురదయా, బ్రేకా, గాలియా యని తేల్చుట యెవరి తరమును గాదు. కాని గాలి యెంత యున్నదో తేల్చుట సాధ్యమే గదా యని మేము ఆ పని చేపట్టితిమి.

మా అబ్బాయి మోటారు సైకిలు సామానుపెట్టెలో కలమువంటి గేజి యొకటి యున్నది. మావారు బజారునుండి గడియారపు ముఖమువంటి ముల్లు గేజి నొకటి తెచ్చిరి. ముందటి సాయంకాలము బంకులో ముందుచక్రమునకు 22 పెట్టించి, బండిని రాత్రియంతయు కదల్పక నీడన నిలిపి, తెల్లవారినపిమ్మట చూచితిమి. కలము గేజి మొదట 25 అన్నది, మరల పెట్టగా 29 అన్నది, మూడవసారి 27 అన్నది. ముల్లు గేజి మూడుసార్లును 26 అన్నది. ఒకే చక్రము, ఒకే యుదయము, మూడు సాధనములు మూడు విధములుగా సాక్ష్యము చెప్పినవి. "అత్తయ్యా, ఇందులో దేన్ని నమ్మాలి?" అని కోడలు అడిగినది. ఆ ప్రశ్నకు మా యింట జవాబు దొరకలేదు.

సాధనములలో ఈ భేదమెందుకు వచ్చునో తెలియవలెనన్నచో వాని కడుపులో నేమున్నదో చూడవలెను. తిరునాళ్ళలో పిల్లలు ఊదెడి కాగితపు బూరను చూచియుందురు. ఊదగానే చుట్టుకొన్న నాలుక సాగును, విడువగానే మరల చుట్టుకొనును. ముల్లు గేజిలో నుండునది దాదాపు అట్టిదే. అండాకారముగా అణచి వంపు పెట్టిన చిన్న లోహపు గొట్టమునందు గాలి దూరినంతనే అది తిన్నగా సాగవలెనని చూచును. ఆ కొంచెపు కదలికను పండ్లచక్రములు పెద్దదిగా చేసి ముల్లును త్రిప్పును. యూజీన్ బోర్డన్ అను ఫ్రెంచి పనివాడు 1849లో ఈ యుపాయమును కనిపెట్టినాడు. దానిపేరు నేటికిని బోర్డను గొట్టమే. కలము గేజిలోనన్ననో ఒక స్ప్రింగును, దాని నెదిరించి బయటకు జరిగెడి గుర్తుల పుల్లయును మాత్రమే యుండును. చేతినుండి జారి నేల పడినను, వాల్వునుండి దుమ్ము దూరినను, స్ప్రింగు అలసినను, పుల్ల పట్టివేసినను ఈ సాధనములు దారి తప్పును. బంకులోని యంత్రమునకు వెలుగు అంకె లుండవచ్చును. దానిలోపలను ఒత్తిడిని గుర్తించు భాగము ఒకటి యున్నది, అదియు కాలక్రమమున చెడును. అంకె చక్కగా కనబడినంతమాత్రమున చక్కగా కొలిచినట్లు గాదు.

మా అన్నగారి కుమారుడు ఒక పాలిటెక్నిక్కులో కొలత సాధనముల ప్రయోగశాల చూచుచున్నాడు. నేను ఫోను చేయగా, "అత్తా, రెండు గేజులూ పట్టుకుని రండి, ఒక గంట పని" అన్నాడు. మా కోడలును, నేనును ఆ శనివారము పోయితిమి.

అక్కడ నేను చూచిన పరికరము నాకు మిక్కిలి నచ్చినది, ఏలయనగా అది మన త్రాసుయొక్క చుట్టమే. దానిని డెడ్‌వెయిట్ టెస్టరు అందురు. నూనె నిండిన గొట్టములో వెడల్పు తెలిసిన కడ్డీ యొకటి నిలిచియుండును. దానిపై బరువు తెలిసిన బిళ్ళలు పేర్చుదురు. ఒక చదరపు సెంటీమీటరు వెడల్పుగల కడ్డీపై మొత్తము ఒక కిలో బరువున్నచో లోపలి ఒత్తిడి సుమారు 14.2 పౌండ్లగును. ఇందులో స్ప్రింగు లేదు, అలసిపోవునది లేదు. ఉన్నవి బరువును, వెడల్పును మాత్రమే. "మరి ఆ బిళ్ళల బరువు నిజమని ఎవరు చెప్పినారు?" అని అడిగితిని. అతడు నవ్వి, వానిని అంతకంటె నమ్మకమైన బరువులతో సరిచూతురనియు, అవి మరికొన్నిటితో సరిచూడబడుననియు, ఆ వరుస కొత్త ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలవరకు పోవుననియు చెప్పెను. అంగడివాని తూనికరాళ్ళపై తూనికలు కొలతల శాఖవారి ముద్ర యుండుటకును ఇట్టి వరుసయే ఆధారము.

బిళ్ళలతో మొదట ప్రయోగశాలవారి పెద్ద గేజిని సరిచూచి, పిమ్మట దానిని ఒక చిన్న గాలితొట్టికి తగిలించిరి. ఆ తొట్టికి మన టైరున కున్నట్టి వాల్వే యున్నది. 20, 25, 30, 35, 40 పౌండ్లవద్ద ఆపుచు, మా గేజుల నొక్కొక్కదానిని మూడేసి మార్లు పెట్టి చూచిరి. ఒత్తిడి పెంచుచు నొకమారు, తగ్గించుచు నొకమారు చూచిరి. మా కోడలు కాగితముపై గళ్ళు గీచి వ్రాసికొన్నది.

ముల్లు గేజి 20 వద్ద 18 అన్నది, 25 వద్ద 23, 30 వద్ద 28, 35 వద్ద 33, 40 వద్ద 38. పెంచినను, తగ్గించినను అంతే. ప్రతిచోట రెండు తక్కువ. కలము గేజి 30 వద్ద ఒకసారి 27, ఒకసారి 31, ఒకసారి సరిగా 30 అన్నది. మిగిలినచోట్లను అదే తీరు.

"ఇప్పుడు చెప్పు అత్తా, ఏది మంచిది?" అని మేనల్లుడు ప్రశ్నించెను.

ఒక్కమారైనను నిజము చెప్పినది కలము గేజియే. ముల్లు గేజి ఒక్కమారును నిజము చెప్పలేదు. అయినను మంచిది ముల్లు గేజియే యని నేను చెప్పితిని. మన యిండ్లలో పది నిముషములు ముందు నడచు గోడ గడియారములు ఎన్ని లేవు? దాని గుణము ఇంటిల్లిపాదికి తెలియును గనుక రైలు తప్పదు. ఒకనాడు ముందు, ఒకనాడు వెనుక నడచుచు, ఎప్పుడో యొకప్పుడు సరియైన వేళ చూపు గడియారమును నమ్మినవాడే స్టేషనులో కూలబడును. ఎల్లప్పుడు ఒకే తప్పు చెప్పునదానిని దిద్దుకొనవచ్చును. ఎప్పుడేమి చెప్పునో తెలియనిదానిని దిద్దుట కెవ్వరి తరము?

ఈ వెలుగులో మా యింటి లెక్క చూచితిమి. ఆ యుదయమున ముల్లు 26 చూపినది. దానికి రెండు కలిపినచో 28. అనగా బంకు యంత్రము 22 అని చూపినపుడు చక్రములో నిజముగా నున్నది 28. పెద్దాయన కన్ను తప్పలేదు. మా కోడలి మాటయు తప్పుగాదు. తప్పు వారిద్దరి నడుమ నిలిచి అంకె చూపిన యంత్రమునందున్నది.

ఇట లెక్క తప్పకుండ చూచుకొనవలసిన యొక సూక్ష్మము కలదు. రెండు కొలతలు వేరైనపుడు, మారినది సాధనమా, లేక కొలవబడిన వస్తువా యని మొదట విచారింపవలెను. ఈ సంగతిని మూడువందల డెబ్బది యేండ్లకు పూర్వమే చక్కగా గ్రహించినవారు కలరు. 1648 సెప్టెంబరు 19వ తేదీన, ఫ్రాన్సు దేశమున పాస్కల్ అను పండితుని కోరికపై ఆయన బావ పెరియే, గాలి ఒత్తిడిని చూపు పాదరసపు గొట్టమును పుయ్ ద దోమ్ అను కొండపైకి మోసికొనిపోయెను. పైన పాదరసము సుమారు 8 సెంటీమీటర్లు దిగినది. అయితే ఆయన కొండ యెక్కుటకు ముందే అట్టి గొట్టమును మరియొకదానిని క్రింద మఠములో నిలిపి, దినమంతయు దానిని కనిపెట్టియుండుమని యొక సన్న్యాసికి అప్పగించి వెళ్ళెను. క్రిందిది కదలలేదు గనుకనే పైనిది దిగుటకు ఎత్తే కారణమని నమ్మకము కలిగినది. ఆ పండితుని పేరే నేడు ఒత్తిడి కొలమానమునకు పెట్టియున్నారు. బండిపై అంటించిన కాగితమున 200 కిలోపాస్కల్ అని యున్నచో అది మన 29 పౌండ్లే.

మన టైరు విషయమున ఇట్లు మోసపుచ్చునది ఎండ. వేడిచే గాలి ఒత్తిడి పెరుగును. 30 పౌండ్ల టైరు పది డిగ్రీలు వేడెక్కినచో ఒత్తిడి సుమారు ఒకటిన్నర పౌండు హెచ్చును. ఉదయము చూచినదానికిని, మధ్యాహ్నము ఎండలో తిరిగి వచ్చి చూచినదానికిని భేదము వచ్చినచో గేజిని నిందింపరాదు. అందుచేతనే బండిపై వ్రాసిన అంకెలన్నియు చల్లని టైరునకు చెందినవి. బండి కదలక కనీసము మూడు గంటలు నీడన నున్నప్పుడే చూడవలెను.

పాలిటెక్నిక్కు అందరికి అందుబాటులో నుండదు. అయినను ఇంటియొద్ద చేయదగిన పరీక్షలు కొన్ని కలవు. గేజిని ఏ టైరునకును పెట్టకముందు ముల్లు సున్నవద్ద నున్నదో లేదో చూడవలెను. సున్న సరియైనంతమాత్రమున 30 సరియని చెప్పలేము గాని, సున్నయే తప్పినదానిని నమ్ముట కష్టము. పిమ్మట చల్లని టైరునకు ఒకే గేజిని మూడుమార్లు పెట్టి అంకెలు వ్రాసికొనవలెను. పెట్టినప్పుడెల్ల కొంచెము గాలి పోవును గనుక, అర పౌండు తగ్గుచు వచ్చినచో తప్పుగాదు. ఎగుడు దిగుడుగా వచ్చినచో ఆ గేజిని ప్రక్కన పెట్టవలసినదే. తరువాత ఇరుగుపొరుగు వారి గేజులను గూడ తెప్పించి అదే టైరునకు అదే వేళ పెట్టి పోల్చవలెను. నాలుగింటిలో మూడు ఒకటే మాట చెప్పినచో, నాలుగవదానిపై అనుమానపడవచ్చును. కాని పదిమంది చెప్పినదెల్ల నిజము గానట్లే, మూడు గేజులు కలిసి తప్పుటయు కలదు. కావున ఇంటి గేజిని ఒక్కమారైనను గుర్తింపుగల ప్రయోగశాలలోనో, పాలిటెక్నిక్కులోనో సరిచూపించుట మంచిది.

కొనునప్పుడు గూడ నొక మాట గుర్తుంచుకొనవలెను. ముల్లు గేజులకు తప్పును సాధారణముగా పూర్తి అంకెలో ఇంత వంతు అని లెక్కింతురు. నూటికి రెండు తప్పుట కలదన్నచో, 60 పౌండ్లవరకు గుర్తులున్న గేజిలో అది ఒక పౌండునకు కొంచె మెక్కువ. 160 వరకున్నదానిలో మూడు పౌండ్లు దాటును. పెద్ద అంకెల గేజి గొప్పదని లారీలకు తగినదానిని తెచ్చి స్కూటరునకు పెట్టుట, పుట్ల కాటాపై యాలకులు తూచుటవంటిది. మనకు కావలసిన అంకె ముఖముయొక్క నడిభాగమున వచ్చు గేజియే మనకు తగినది. ఐరోపావారు 1986లో చేసిన నియమములో 4 బార్లవరకు, అనగా 58 పౌండ్లవరకు, 0.08 బారుకంటె ఎక్కువ తప్పరాదని వ్రాసిరి. అది సుమారు ఒక పౌండు. ఇంటి గేజికి అంతమాత్రము పట్టింపు చాలును.

ఇక బంకు సంగతి. మా కోడలు ప్రయోగశాలవారి కాగితమును, ముల్లు గేజిని తీసికొనిపోయి అక్కడి మేనేజరును కలిసికొన్నది. "ఇది డిజిటల్ మిషనమ్మా, తప్పు చూపదు" అని ఆయన మొదట సెలవిచ్చినాడు. ఆమె కోపపడలేదు, పడిపోయినమాట ఎత్తలేదు. "దీన్ని చివరిసారి ఎప్పుడు సరిచూపించారండీ?" అని మాత్రము అడిగినది. ఆయన యంత్రము వెనుకకు పోయి వెదకినాడు. తేదీ వ్రాయు చీటీ యున్నది గాని తేదీ లేదు. పదునైదు దినములకు మెకానిక్కు వచ్చి లోపలి భాగమును మార్చినాడు. ఇప్పుడు ఆ యంత్రముతో 22 పెట్టించుకొని వచ్చి మరునాటి యుదయము చూచినచో మా ముల్లు గేజి 20 అనుచున్నది. రెండు కలిపినచో సరి. తప్పు చెప్పు మా గేజియే వారి యంత్రము బాగుపడినదని సాక్ష్యమిచ్చినది.

ఆ గేజి వెనుక మావారు చిన్న కాగితము అంటించి "రెండు కలుపవలెను" అని వ్రాసిరి. ఆదివారమునాడు తల్లి చక్రమునకు గేజి పెట్టును, పిల్లవాడు అంకె చదివి రెండు కలిపి బిగ్గరగా చెప్పును. అది వానికి లెక్కల పాఠమైనది. కలము గేజిని వాని ఆటవస్తువులలో కలిపివేసితిమి.

సోదరీమణులారా, యంత్రమన్నచో మగవారి సొత్తనియు, అంకె చూపినచో ఎదురాడరాదనియు మనలో కొందరికి జంకు కలదు. పాలు కొలిచెడి చెంబును అనుమానించుటకు మన మెవ్వరి యనుమతియు అడుగలేదు. గాలి కొలిచెడి గేజి అంతకంటె పెద్దది గాదు. మీరు గాని, మీ కూతురు గాని, కోడలు గాని బండి నడపుచున్నచో, రేపటి యుదయము బండి కదలకముందే గేజి పెట్టి చూడుడు. ఒకటికి మూడుమార్లు చూడుడు. అది యేమి చెప్పినను కాగితముపై వ్రాసికొనుడు. తరువాత బంకులో చెప్పిన యంకెను దాని ప్రక్కన వ్రాయుడు. రెండును కలియనిచో, తగవులాడవలదు. సరిచూచి యెన్నాళ్ళైనదని అడుగుడు. ఆ ప్రశ్నకు జవాబు దొరకువరకు, మీ వెనుక కూర్చుండు పసివాని ప్రాణము ఎవరో చెప్పిన అంకెమీద నడచుచున్నదని మరువకుడు.